జారుడు గాజు తలుపుల సంరక్షణ

మన పెద్దల ఇండ్లలో తలుపనగా టేకు చెక్కతో చేసిన రెండు రెక్కలు, వానిని మోయు బందులు, అడుగున గడప, పైన గొళ్ళెము. ఆ తలుపు కిర్రుమనిన నాడు బందులలో రెండు చుక్కలు ఆముదము వేసెడివారు. దానితో ఆ యేటికి పని తీరెడిది. నేడు చెన్నపట్టణమున మనలో అనేకులు కాపురముండు అంతస్తుల మేడలలో, హాలునకును బాల్కనీకిని నడుమ చెక్క తలుపు కానరాదు. దాని స్థానమున అల్యూమినియము చట్రములలో బిగించిన పెద్ద గాజు పలకలు ప్రక్కకు జరుగుచున్నవి. వీనిని మనము స్లైడింగు డోర్లని పిలుచుచున్నాము. జారుడు తలుపులన్నను తప్పు లేదు. తలుపు మారినది గాని మన అలవాటు మారలేదు. జారుడు తలుపు బిగుసుకొనగానే నూనెసీసా కొరకు వెదకుచున్నాము. పాత తలుపునకు మందైన ఆ నూనెయే ఈ తలుపునకు రోగమును తెచ్చుచున్నది.

ఈ విషయమును పాఠశాల పత్రికలో వ్రాయుటకు కారణము కలదు. మన పిల్లలు బడి నుండి వచ్చి బాల్కనీలోనికి పరుగిడు దారి ఈ తలుపే. అది సులభముగా జరుగనపుడు పిల్లవాడు రెండు చేతులతో, దేహబలమంతయు పెట్టి లాగును. అంతవరకు కదలని తలుపు ఒక్కసారిగా వచ్చి చట్రమునకు కొట్టుకొనును. నడుమ చిక్కునవి వ్రేళ్ళు. వ్రేలికి కట్టుతో తరగతికి వచ్చిన పిల్లలను నేను పలుమారులు చూచితిని. తల్లిదండ్రులను విచారించినపుడు, తలుపు చాల నెలలుగా బిగుసుకొనియే యున్నదని చెప్పిరి. అరగంట పనితో తీరు లోపము అన్ని నెలలు నిలిచి యుండుటకు కారణము, ఆ తలుపు ఎట్లు నడచునో మనకు తెలియకపోవుటయే.

తలుపు బరువు, దాని నడక

జారుడు తలుపునకు పైన ఒక కాలువ, క్రింద ఒక పట్టా ఉండును. చూచువారికి రెక్కలు పైనుండి వ్రేలాడుచున్నట్లు తోచును. కాని మన ఇండ్లలో సాధారణముగా కనబడు తలుపులలో బరువంతయు క్రిందనే నిలిచి యున్నది. ప్రతి రెక్క అడుగున, రెండు చివరల చెంత, రెండు చిన్న చక్రములు దాగి యుండును. రైలుబండి వలెనే ఇవి పట్టా మీద నడచును. పై కాలువ పని రెక్క ముందునకు వెనుకకు ఒరిగిపోకుండ పట్టుకొనుట మాత్రమే. రెక్కల అంచులలో ధూళిని అడ్డగించుటకు కుచ్చు పట్టీలు, గాజును చట్రమున బిగించుటకు రబ్బరు పట్టీలు ఉండును.

ఆ చిన్న చక్రములు మోయు బరువెంతో తెలిసికొనుట మంచిది. ఒక చదరపు మీటరు గాజు, ఒక మిల్లీమీటరు మందముండినచో, రెండున్నర కిలోగ్రాములు తూగును. 1 మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందము గల పలకను తీసికొందము. 1 × 2.1 × 5 × 2.5 = 26.25 కిలోగ్రాములు. చట్రముతో కలిపిన 30 కిలోగ్రాములకు ఎక్కువే. అదే పలక 8 మిల్లీమీటర్ల మందమైనచో గాజు మాత్రమే 42 కిలోగ్రాములు. ఆరవ తరగతి విద్యార్థి ఈ లెక్కను సులభముగా చేయగలడు. ఇంటి తలుపును టేపుతో కొలిచి అతనిచేతనే చేయించుడు. పుస్తకములోని లెక్కకంటె ఇది బాగుగా గుర్తుండును, తలుపుతో ఆటలాడరాదను మాట కూడ మరల మరల చెప్పనక్కర లేకుండ తలకెక్కును.

ఇంత బరువును రూపాయి బిళ్ళంత చక్రములు రెండు మోయుచున్నవి. వాని క్రింద ఒక ఇసుక రేణువు పడినను చక్రము దొర్లుట మాని ఈడ్వబడును. ఈడ్వబడిన చక్రము ఒక వైపు అరిగి చదునగును. చదునైన చక్రము పట్టాను కోయును. తలుపు చెడుట యంతయు ఈ వరుసలోనే జరుగును. మొదట మన్ను, పిదప చక్రము, కట్టకడపట పట్టా. మన్ను తీయుటకు డబ్బు అక్కరలేదు. చక్రములకు కొంత వ్యయమగును. పట్టా పోయినచో పని పెద్దది.

పట్టా శుభ్రము

మన విద్యార్థి తండ్రి యొకరికి, తలుపును చట్రముతో సహా మార్చవలెనని పనివాడు చెప్పి పోయెను. ఆయన తొందరపడక రెక్కను తీయించి చూడగా, చక్రముల ఇరుసులకు తల వెండ్రుకలును దారపు పోగులును దట్టముగా చుట్టుకొని యుండెను. చిన్న కత్తెరతో కోసి, పట్టుకారుతో లాగివేసిన పిదప తలుపు ఒక్క వ్రేలితో కదలినది. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకు?

పట్టాను శుభ్రము చేయుటలో క్రమము ముఖ్యము. మొదట నీరు తగుల నీయరాదు. పొడి మన్నుపై నీరు పోసినచో బురదయై మూలలలో గట్టిపడును. రంగులు వేయు పాత కుంచెతో మన్నును ఒక చివరకు త్రోసి, చిన్న చేటలోనికి ఎత్తవలెను. దుమ్ము పీల్చు యంత్రమున్నచో మరింత మేలు. గట్టిపడిన దానిని పాత పండ్ల బ్రష్షుతోనో, అంచు మొద్దు చేసిన వెదురు పుల్లతోనో గీయవలెను. ఇనుప కత్తితో గీయరాదు, అల్యూమినియము మెత్తని లోహము. పిదప గోరువెచ్చని నీటిలో కొంచెము గిన్నెలు తోము సబ్బు కలిపి, గుడ్డతో తుడిచి, మంచినీటితో మరల తుడిచి, ఆరనీయవలెను. రెక్కలను ఒక వైపునకు జరిపి సగము, మరియొక వైపునకు జరిపి సగము చేసినచో పట్టా అంతయు చేతికి అందును.

నేలను కడుగు ఆమ్లమును ఈ పట్టాపై పడనీయరాదు. స్నానపుగదులలో వాడు ఆ ద్రావకము అల్యూమినియమును తినివేయును. తడి సిమెంటు కూడ అట్టిదే. బాల్కనీలో రాళ్ళు పరచు పని జరుగునపుడు పట్టాను కాగితముతో కప్పించవలెను. సముద్రము దాపున, తిరువాన్మియూరు, రాయపురము వంటి చోట్ల నివసించువారు పదునైదు దినముల కొకసారి చట్రములను మంచినీటి గుడ్డతో తుడువవలెను. అల్యూమినియము ఇనుమువలె ఎఱ్ఱని త్రుప్పు పట్టదను మాట నిజమే గాని, ఉప్పుగాలికి దానిపై తెల్లని పొడి లేచి చిన్న గుంటలు పడును. గాజుపై బోరుబావి నీరు ఆరినచో తెల్లని మరకలు నిలుచును. నీటిలో నిమ్మరసము గాని వినెగరు గాని కలిపి తుడిచి, వెంటనే మంచినీటితో కడిగినచో అవి పోవును.

నూనె సంగతి చెప్పవలసి యున్నది. ఆముదము గాని కొబ్బరినూనె గాని కుట్టుయంత్రపు నూనె గాని పట్టాపై వేసినచో మొదటి రెండు దినములు తలుపు చక్కగా జరుగును. ఆ పిదప వీధిలోని ధూళి యంతయు ఆ జిడ్డునకు అంటుకొని నల్లని ముద్ద యగును. చక్రము ఆ ముద్దలో కూరుకొనును. పట్టా శుభ్రముగా ఉన్నచో దానికి ఏ నూనెయు అవసరము లేదు. అంతగా కావలెనన్నచో ఇనుప సామానుల అంగడిలో దొరకు సిలికాను స్ప్రేను గుడ్డపై చల్లుకొని పలుచగా పూయవలెను. అది ఆరి పొడిగా నిలుచును. పట్టా వీపుపై మైనపు క్రొవ్వొత్తిని ఒకసారి రుద్దుట కూడ చాలినంత పని చేయును.

తూములు మూయరాదు

మన పట్టణమునకు పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. గాలి తూర్పు, ఈశాన్యముల నుండి కొట్టునపుడు ఆ దిక్కు బాల్కనీ గల ఇండ్లలో వాననీరు తలుపు మీద పడును. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను వచ్చిన దినమును మరువనివారికి ఇది వేరుగా చెప్పనక్కర లేదు. పట్టాలోనికి నీరు చేరుట లోపము కాదు. చేరిన నీరు బయటికి పోకపోవుటయే లోపము.

పట్టా చట్రమునకు బాల్కనీ వైపు ముఖమున, క్రిందుగా, చిన్న చీలికలో రంధ్రములో ఉండును. చెరువునకు తూము ఎట్టిదో పట్టాకు ఇవి అట్టివి. లోపలికి పడిన నీరు వీని ద్వారా బయటికి జారిపోవును. ఇవి మన్నుతో పూడినచో పట్టా నిండి, నీరు హాలులోనికి పొర్లును. అంతకంటె విచారకరమైన సంగతి యొకటి కలదు. ఇంటిలోనికి నీరు వచ్చుచున్నదని పిలిపించిన పనివాడు, నీరు ఈ రంధ్రముల గుండ వచ్చుచున్నదని తలచి, వానిని సిమెంటుతోనో సిలికాను జిగురుతోనో మూసిపోవును. ఆ మరుసటి వానకు నీరు రెట్టింపుగా వచ్చును. తూమును మూసి, చెరువు పొర్లుచున్నదని వగచుట యన్నమాట. బాల్కనీలో పాతరాళ్ళపై క్రొత్తరాళ్ళు పరపించినపుడు కూడ ఈ రంధ్రములు రాళ్ళ క్రింద కప్పబడును. పని మొదలు కాకమునుపే మేస్త్రీకి చూపించి చెప్పవలెను.

పరీక్ష సులభము. శుభ్రము చేసిన పట్టాలో అరచెంబు నీరు మెల్లగా పోయుడు. కొద్దిసేపటిలో బాల్కనీ వైపు నీరు కారినచో తూములు తెరచి యున్నవి. నిలిచినచో సన్నని తీగతో గాని చీపురు పుల్లతో గాని ఒక్కొక్క రంధ్రమును పొడిచి తెరువవలెను.

మరియొక మాట. మన ఇండ్లలో తులసికోటకు చోటు లేక తులసి కుండీని బాల్కనీలో, తరచుగా తలుపు ప్రక్కనే ఉంచుచున్నాము. నిత్యము పోయు నీటితో కుండీలోని మన్ను కొంచెము కొంచెముగా జారి పట్టాలోనికి, తూములలోనికి చేరును. కుండీని రెండడుగులు దూరముగా జరిపి, క్రింద ఒక పళ్ళెము నుంచిన చాలును. తులసమ్మకును లోపము లేదు, తలుపునకును లోపము లేదు.

ఏటా దసరాకు బొమ్మల కొలువు పెట్టుటకై ఇల్లు దులుపుదుము గదా. తలుపు పట్టా, తూముల పనిని ఆ దులుపుటలోనే చేర్చినచో వానలకు ముందే ముగియును. ముంబయిలోని మన బంధువులకు ఈ గడువు చాలదు. వారికి వానలు జూనులోనే మొదలగును గనుక మే నెలలోనే చేసికొనవలెను.

చక్రములు, గడియ

శుభ్రము చేసిన పిదప కూడ తలుపు బరువుగా కదలినచో చక్రముల ఎత్తును చూడవలెను. రెక్క నిలువు చట్రమున అడుగుభాగమున, అంచు వైపు, ఒక చిన్న రంధ్రములో స్క్రూ ఉండును. కొన్నింటికి దానిపై ప్లాస్టిక్కు మూత యుండును. ఆ స్క్రూను త్రిప్పినచో చక్రము దిగి రెక్క పైకి లేచును, లేక చక్రము లోనికి పోయి రెక్క దిగును. ఏ వైపు త్రిప్పిన లేచునో తలుపును బట్టి మారవచ్చును. కావున పావు చుట్టు త్రిప్పి, చూచి, మరల పావు చుట్టు త్రిప్పవలెను. ఈ పనికి ఇద్దరు కావలెను. ఒకరు రెక్కను కొంచెము పైకి ఎత్తిపట్టి స్క్రూపై భారము తగ్గించవలెను. లేనిచో స్క్రూ తల అరిగిపోవును. రెక్కను చట్రము దగ్గరకు తెచ్చి నిలువు సందును చూడుడు. అది పైనుండి క్రిందివరకు సమానముగా ఉన్నచో రెక్క తిన్నగా నిలిచినట్లు. పైన సందు ఎక్కువై క్రింద తక్కువైనచో, చట్రమునకు దూరముగా ఉన్న చక్రము వైపు రెక్కను ఎత్తవలెను.

గడియ పడుట లేదని తాళమును మార్పించువారు పెక్కురు. రెక్క రెండు మిల్లీమీటర్లు దిగినను గడియ కొక్కెము ఎదుటి రంధ్రమునకు అందదు. ముందు రెక్క ఎత్తును సరిచేసి, అప్పటికిని పడనిచో ఎదుటి చట్రమునందలి రేకు స్క్రూలను వదులు చేసి, రేకును కొంచెము జరిపి బిగించవలెను. మొదట ఈ రెండు పనులును చేసి చూచి, అవి విఫలమైనపుడే తాళము మాట.

చక్రములు అరిగినచో రెక్కను పట్టా నుండి తీయక తప్పదు. ఇచ్చట నా సలహా కొంత కఠినముగా తోచవచ్చును. నేల అంతస్తులో గాని, విశాలమైన బాల్కనీ గల తలుపునకు గాని మాత్రమే ఇంటివారు ఈ పనికి పూనుకొనవలెను. బయట బాల్కనీ లేని జారుడు కిటికీల రెక్కలను, ఎన్నడో ఒకనాడు వీధిలో నడచువాని తలపై పడు అవకాశమున్న వానిని, ఇంటివారు ఎత్తరాదు. అది పనివారి పని. బాల్కనీ తలుపైనను ఇద్దరు బలము గల పెద్దవారుండవలెను. పిల్లలను వేరొక గదిలో నుంచవలెను. చేతులకు మందపు తొడుగులు, కాళ్ళకు బూట్లు ఉండవలెను. మొదట స్క్రూలను త్రిప్పి చక్రములను లోనికి ముడుచవలెను. పై కాలువలో రెక్క లేవకుండ అడ్డుముక్క ఉన్నచో దానిని తీయవలెను. పిదప రెక్కను తిన్నగా పై కాలువలోనికి ఎత్తి, అడుగుభాగమును లోపలి వైపునకు తెచ్చి, మెల్లగా దింపవలెను. దించిన రెక్కను పరుపు మీదనో దళసరి దుప్పటి మీదనో ఉంచవలెను. గట్టి నేలపై మూలను ఆనించి నిలుపరాదు. గాజునకు బలహీనమైన చోటు దాని అంచు.

చక్రములలో ఆకారభేదములు పెక్కు. నోటితో వర్ణించి కొనుటకంటె పాత చక్రమును చేతపట్టుకొని అంగడికి పోవుట ఉత్తమము. ఒకటి మాత్రమే చెడినను రెండింటిని కలిపి మార్చవలెను, లేనిచో క్రొత్తదానిపైననే భారము పడును. బేరింగు గల చక్రము కొంచెము ఖరీదైనను బరువు తలుపునకు అదియే తగినది. దానిని బిగించు స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువై యుండవలెను. సాధారణ ఇనుప స్క్రూ ఉప్పుగాలిలో త్రుప్పుపట్టి మరల ఊడదు. పట్టా వీపు అరిగియున్నచో దానిపై తొడుగు స్టెయిన్‌లెస్ స్టీలు రేకు దొరకును. పట్టా మొత్తమును పెకలించుటకంటె ముందు దానిని గూర్చి విచారించవలెను.

గాజును గూర్చి

గాజులన్నియు ఒకటి కావు. సాధారణపు గాజు పగిలినచో పొడవైన, కత్తివంటి ముక్కలగును. గట్టిపరచిన గాజు వేరు. దానిని సుమారు 620 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడిచేసి, గాలితో అకస్మాత్తుగా చల్లార్తురు. అందువలన దాని పైపొర ఒత్తిడిలో నుండి, అది సాధారణపు గాజుకంటె నాలుగైదు రెట్లు దెబ్బకు ఓర్చును. పగిలినను పటిక బెల్లపు పలుకులవంటి చిన్న ముక్కలగును. ఒకసారి గట్టిపరచిన పిదప దానిని కోయుటకు గాని రంధ్రము చేయుటకు గాని వీలులేదు. రెండు పలకల నడుమ ప్లాస్టిక్కు పొరనుంచి అతికించిన గాజు మూడవది. అది పగిలినను ముక్కలు పొరకు అంటియుండును.

మీ తలుపు గాజు ఏ రకమో తెలియుటకు మూలలను చూడుడు. గట్టిపరచిన గాజునకు సాధారణముగా చెరగని చిన్న ముద్ర ఉండును. అట్టి ముద్ర లేనిచో సాధారణపు గాజే యని తలచి మెలగుట క్షేమము. క్రొత్తగా వేయించువారు, ముఖ్యముగా చిన్నపిల్లలు గల ఇంటివారు, భారత ప్రమాణము ఐ.ఎస్. 2553కు లోబడిన రక్షణ గాజునే అడుగవలెను. వ్యయము కొంత పెరుగును, కాని ఇచ్చట ఆదా చేయుట నాకు సమ్మతము కాదు. ఉన్న గాజును మార్చు స్తోమత లేనిచో, ముక్కలు చెదరకుండ పట్టుకొను పారదర్శకపు పొరను అతికించుకొనవచ్చును.

శుభ్రముగా తుడిచిన గాజు కంటికి కానరాదు. పరుగున వచ్చు పిల్లవాడు తలుపు తెరచియున్నదని తలచి గ్రుద్దుకొనును. పిల్లల కంటి ఎత్తున ఒక వరుస, పెద్దల కంటి ఎత్తున ఒక వరుస రంగుకాగితపు బొమ్మలు అతికించినచో ఆ భయము తీరును. అక్షరములు నేర్చుచున్న పిల్లలు గల ఇంటిలో తెలుగు అక్షరములనే కత్తిరించి అంటించుట నాకు నచ్చిన పద్ధతి. రెక్క చట్రమును తాకు చోట రబ్బరు ముక్కను అడ్డుగా అతికించినచో వ్రేళ్ళకు కొంత ఎడముండును. రాత్రివేళ భద్రతకై పట్టాలో అడ్డముగా కఱ్ఱముక్కను పెట్టు అలవాటు మంచిదే. అయితే అగ్నిప్రమాదము వంటి వేళ లోపలి పెద్దవారు ఒక్క క్షణములో దానిని తీయగలుగవలెను. మేకుతో బిగించరాదు.

గాజునకు చీలిక కనబడినచో ఆ తలుపును ఇక కదపరాదు. రెండు వైపులను వెడల్పు అతుకు టేపును అడ్డముగాను నిలువుగాను అంటించి, పిల్లలు ఆ దాపునకు పోకుండ కుర్చీలు అడ్డుపెట్టి, పనివానిని పిలువవలెను. పగిలిపోయినచో పెద్ద ముక్కలను తొడుగులు గల చేతులతో ఏరి, చిన్నవానిని తడిపిన వార్తాపత్రికతో అద్ది తీయవలెను. చీపురు వాడినచో దానిని తిరిగి ఇంటిలో వాడరాదు. ముక్కలను చెత్తసంచిలో వేయరాదు, దానిని ఎత్తు పారిశుద్ధ్య కార్మికుని చేయి తెగును. గట్టి అట్టపెట్టెలో నుంచి, టేపుతో మూసి, చేతికే ఈయవలెను. పెట్టెపై తమిళమున ‘కణ్ణాడి’ అని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. ఆ పని మన పిల్లలు చక్కగా చేయగలరు.